ఒంటి సిలిండరు మోటారు సైకిలు: ఆదరణకు కారణాలు

అమీర్‌పేట, పంజాగుట్ట కూడళ్లలో ఎర్రదీపం పడగానే ఆగే మోటారు సైకిళ్లను మేము గమనించగా, వానిలో అత్యధికం ఒకే సిలిండరు గలవి. 2017లో మెట్రో రైలు వచ్చిన పిదప కూడ వీటి అవసరం తీరలేదు. ఇంతటి ఆదరణకు కారణమేమి?

ఈ యంత్రంలో పిస్టను ఒక్కటే. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని పీల్చుట, నొక్కుట, మండించుట, పొగను వెడలగొట్టుట అనే నాలుగు దశలలో శక్తినిచ్చేది ఒక్క దశయే. అందుచేతనే కుదుపు తప్పదు; బరువైన ఫ్లైవీలు దానిని కొంత సర్దుతుంది. సిలిండర్లు రెండైతే కుదుపు తగ్గవచ్చును గాని, భాగాలు పెరిగి వెల, మరమ్మతు ఖర్చు రెండూ పెరుగుతాయి.

1955లో మద్రాసులో తయారీ ఆరంభించిన ఎన్‌ఫీల్డ్ వారి పాత 346 సీసీల బుల్లెట్టునే చూడండి. సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90. నడక పొడవు గనుక తక్కువ వేగంలోనే లాగుడు బలం లభిస్తుంది. రద్దీలో మెల్లగా సాగే మన వీధులకు కావలసినది అదే. 1994లో వచ్చిన 97.2 సీసీల స్ప్లెండరు ఈ సరళతకు పెట్రోలు పొదుపును జోడించింది.

2020లో భారత్ స్టేజ్ ఆరు నియమాలు అమలయ్యాక, కార్బురేటరు స్థానంలో ఇంధన ఇంజెక్షను చేరి, వీధి మెకానిక్కు చేతికి అందని చిక్కులు కొన్ని వచ్చాయి. అయినను మూలసూత్రం మారలేదు.

బండి ఆగిన నాడు పేద విద్యార్థికి పాఠమో, ఆ పూట సంపాదనో పోతుంది. కనుక కొనదలచిన సోదర విద్యార్థులు యంత్రపు అశ్వశక్తి కంటె ముందు, మరమ్మతును భరించగల తమ శక్తిని తూచుకొందురు గాక!