ఎఫ్.సి.కి పోయే ముందు ఆటోను చూసుకోండి

తిరుపతి బస్టాండు బయట ఆటోలు. రైల్వే స్టేషను ముందర ఆటోలు. అలిపిరి దారిలో ఆటోలు. చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి ఎక్కడ చూసినా అంతే. ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆటో బాడుగతోనే. కొన్ని ఇళ్లలో ఆటో ఇల్లాలి పేరు మీదే ఉంటుంది.

ఇరుకు సందుల్లో తిరిగే బండికి దెబ్బలు తప్పవు. ఒక పక్క గీత పడుతుంది. ఇంకో పక్క సొట్ట పడుతుంది. వెనక లైటు పగులుతుంది. "బండి నడస్తా ఉంది కదా, ఏమైందిలే" అని వదిలేస్తారు. ఎఫ్.సి. తేది దగ్గరికి వచ్చాక కంగారు పడతారు. "బండికంతా రంగు కొట్టించాలంట" అని వడ్డీకి అప్పు తెస్తారు. అంత అవసరమా? ఏది బాగు చేయించాలి? ఏది వదిలేయవచ్చు?

ఎఫ్.సి. అంటే ఏమిటి?

ఎఫ్.సి. అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ఈ బండి రోడ్డు మీద తిరగడానికి తగినదే అని చెప్పే కాగితం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆటో, టాక్సీ, లారీ, బస్సు అన్నింటికీ ఇది ఉండాలి. 2018లో నిబంధన మార్చారు. 8 ఏళ్లలోపు బండికి 2 ఏళ్లకు ఒకసారి ఎఫ్.సి. చేయించాలి. 8 ఏళ్లు దాటితే ఏటా చేయించాలి.

ఎఫ్.సి. లేని బండికి రిజిస్ట్రేషను కూడా లేనట్టే లెక్క. పట్టుబడితే జరిమానా పడుతుంది. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు అదనంగా కట్టాలనే నిబంధన ఉంది. 20 రోజులు ఆలస్యమైతే ఎంత? 1,000 రూపాయలు!

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఎఫ్.సి. లేని బండి ఎవరినైనా గుద్దిందనుకోండి. ఇన్సూరెన్సు కంపెనీ దెబ్బ తగిలిన వారికి డబ్బు కట్టి, ఆ సొమ్మును బండి యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. యజమాని అంటే బండి నడిపేవాడు కాదు. ఆర్.సి.లో ఎవరి పేరు ఉందో వారే యజమాని. మీ పేరు ఉంటే ఆ భారం మీదే.

ఏమి చూస్తారు?

బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి అందం చూడడు. క్షేమం చూస్తాడు. కొన్ని చోట్ల యంత్రాలతో పరీక్షించే కేంద్రాలు కూడా వచ్చాయి. అక్కడా చూసేది క్షేమమే. బ్రేకులు, టైర్లు, లైట్లు, హారను, పొగ ముఖ్యం. తరువాత పైన తగిలిన దెబ్బలు.

చిన్న గీతకు భయపడవద్దు. రంగు మాత్రమే లేచిపోయి ఉంటే ఇంటి దగ్గరే సరి చేసుకోవచ్చు. ముందు సబ్బు నీళ్లతో కడగాలి. వాటర్ పేపరుతో మెల్లగా రుద్దాలి. తడి ఆరాక ప్రైమరు పూయాలి. అది ఆరాక రంగు పలచగా రెండుసార్లు వేయాలి. ఆర్.సి.లో రాసిన రంగే వేయాలి.

సొట్ట పడితే మూడు విషయాలు చూడండి. రేకు అంచు బయటికి పొడుచుకొని వచ్చిందా? చక్రానికి తగులుతూ ఉందా? లైటు పక్కకు తిరిగిందా? ఇందులో ఒక్కటి ఉన్నా టింకరింగు చేయించాలి. పొడుచుకొని వచ్చిన రేకు ఎక్కి దిగే వారి కాలు కోస్తుంది. ఈ మూడూ లేకుంటే తొందర లేదు.

వెనక లైటు అద్దం పగిలితే మాత్రం మార్చాల్సిందే. లోపలి బల్బు వెలుగు తెల్లగా బయటికి వస్తుంది. వెనక వచ్చేవాడు చీకట్లో ఎదురు బండి అనుకుంటాడు. ఎర్ర కాగితం అంటిస్తే చాలదు. పక్క అద్దాలు, రిఫ్లెక్టర్లు, నంబరు ప్లేటు కూడా సరిగా ఉండాలి.

తుప్పును దాచవద్దు

తుప్పు చెదపురుగు లాంటిది. పైకి కొంచెమే కనిపిస్తుంది. లోపల తినేస్తుంది. 2021 నవంబరు వరదలో తిరుపతిలో ఎన్నో బండ్లు నీళ్లలో మునిగాయి. అట్లా నీళ్లలో నానిన బండికి అడుగు రేకు తొందరగా తుప్పు పడుతుంది.

స్క్రూడ్రైవరుతో ఆ చోట నొక్కి చూడండి. లోపలికి దిగితే రేకు చచ్చిపోయినట్టే.

"లప్పం పెట్టి పైన రంగు కొట్టేస్తా అక్కా. ఎవురికీ కనపడదు" అంటారు కొందరు షెడ్డువాళ్లు.

"కనపడకపోతే సరిపోతుందా నాయనా? బడికి పోయే బిడ్డ కాలు దిగబడితే?" అని అడగండి.

చచ్చిన రేకు కోసి, కొత్త రేకు వెల్డింగు చేయించాలి. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైరు తీసేయాలి. గ్యాసు, పెట్రోలు ట్యాంకు దగ్గర నిప్పు చాలా ప్రమాదం. ఆ పని బాగా తెలిసినవాడి చేతనే చేయించాలి.

గుర్తుంచుకోండి

1. తేదికి నెల ముందే బండి చుట్టూ తిరిగి చూడండి.
2. ముందు బ్రేకులు, లైట్లు, తుప్పు. రంగు చివర.
3. షెడ్డులో ఏ పనికి ఎంతో విడివిడిగా రాయించుకోండి. చదివి, కూడి చూసుకోండి.

ఈ పని చేయండి

ఇంట్లో ఆటో ఉంటే ఎఫ్.సి. కాగితం తీయండి. చివరి తేది ఏది? చదవండి. ఆ తేదిని క్యాలెండరులో గుర్తు పెట్టండి. ఆర్.సి.లో ఎవరి పేరు ఉందో కూడా చదవండి.