భ్రమాపనోదనము: ఒక ఆంగ్ల క్రియాపదము

ఇంగ్లీషు చదువు బాగుగ అబ్బినవారికి సైతము నడుమ నడుమ కాలికి రాయివలె తగులు మాటలు కొన్ని కలవు. వానిలో ‘డిసబ్యూజ్’ అనునది యొకటి. ఈ ఏడు బదిలీ తప్పక దొరకునని నమ్మియున్న ఉద్యోగి కొకనికి, ఆ తలంపునుండి మిమ్ము ‘డిసబ్యూజ్’ చేయవలసివచ్చినందులకు విచారించుచున్నామని పై కార్యాలయమునుండి తాకీదు వచ్చినదనుకొందము. ‘అబ్యూజ్’ అనగా తిట్టుటయని మాత్రమే యెఱిగిన ఆ పెద్దమనిషి, తన్ను తిట్టినారని ఉడికిపోవచ్చును. లేదా ‘డిస్’ అనునది వ్యతిరేకార్థము నిచ్చు ఉపసర్గ గదా, ఇంతకాలము తిట్టుచుండినవారు నేటితో మానినారు కాబోలునని తృప్తిపడవచ్చును. తాకీదులోని తాత్పర్యము మాత్రము ఈ రెంటిలో నొకటియు గాదు: బదిలీ లేదు, ఆ ఆశ విడువుడు, అనియే.

తప్పుడు నమ్మకమున చిక్కుకొనినవానికి నిజము తెలిపి అందులోనుండి విడిపించుట యీ క్రియకు అర్థము. ఈ యర్థము దానికెట్లు సిద్ధించినదో తెలియుటకు కొంత వెనుకకు పోవలెను. లాటిను భాషలో ‘ఉపయోగించుట’ను తెలుపు ధాతువునకు ముందు, పెడదారిని సూచించు ఉపసర్గ యొకటి చేరగా ‘దుర్వినియోగము చేయుట’ యను నర్థ మేర్పడెను. ఫ్రెంచివారు దానిని స్వీకరించి, పరుల నమ్మకమును దుర్వినియోగము చేయుటకు, అనగా మోసగించుటకును, ఆ మాటనే వాడిరి. నేటికిని ఫ్రెంచి సంభాషణలో ‘నేను పొరబడకున్నచో’ అని వినయముగా చెప్పదలచినవారు ఆ క్రియనే ప్రయోగింతురు. ఒకప్పుడు ఇంగ్లీషునందును ఇదే వాడుక యుండెను. షేక్స్‌పియరు నాటకములో హామ్లెటు, తండ్రి రూపమున కనబడినది దయ్యమేమో, తన్ను వంచించి నరకమున పడద్రోయ జూచుచున్నదేమో యని శంకించునప్పుడు పలికిన ‘అబ్యూజ్’ తిట్టు గాదు, వంచనయే. పదునేడవ శతాబ్ది ఆరంభమున ‘డిసబ్యూజ్’ ఇంగ్లీషున ప్రవేశించునాటికి ఆ యర్థము సజీవముగా నుండుటచే, వంచన పొరను తీసివేయుటయే ‘డిసబ్యూజ్’ అని యెల్లరకు సులభముగా బోధపడెను. కాలక్రమమున తల్లిమాట ఆ యర్థమును కోలుపోయి తిట్టునకును హింసకును దుర్వినియోగమునకును పరిమితము కాగా, పిల్లమాట మాత్రము పుట్టింటి సొత్తును భద్రముగా దాచుకొనినది.

ఇక ప్రయోగమును గూర్చి. ‘అతని భ్రమను తొలగించెను’ అని మనము పలుకుదుము; మన వాక్యమున భ్రమ కర్మము. ఆంగ్ల వాక్యమున కర్మము మనిషి. ‘అతనిని భ్రమనుండి విడిపించెను’ అనిన ఎట్లుండునో, ‘డిసబ్యూజ్’ తో కూడిన వాక్య మట్లుండును. తెలుగు నుడికారమును మనసున నిడుకొని వ్రాయు మనవారు, భ్రమనే కర్మముగా గైకొని, మనిషిని పూర్తిగా విస్మరించుట తఱచు జరుగు పొరపాటు. మఱియొక చిక్కు ‘ఆఫ్’ అను చిన్నమాటతో వచ్చును. దానిని షష్ఠీవిభక్తికి సరియైనదిగా, ‘యొక్క’ అను నర్థమున, మనము బడిలో నేర్చుకొంటిమి. ఇచట నది పంచమివలె ‘నుండి’ యను నర్థము నిచ్చును. రోగమునుండి నయము చేయుట, ధనమును దోచుకొనుట, భారమునుండి తప్పించుట మొదలగు భావములను చెప్పు ఆంగ్ల క్రియలును ఈ పంక్తిలోనివే: వ్యక్తి కర్మము, పోగొట్టబడు వస్తువు ‘ఆఫ్’ తో కూడి పిదప వచ్చును. ఉచ్చారణమున కడపటి హల్లు, జాము, జోడు అను మాటలలోని దంత్య జకారమునకు చేరువగా నుండునే కాని సకారము కాదు. ‘అబ్యూజ్’ నామవాచకమైనప్పుడు మాత్రమే ఆ హల్లు సకారమగును.

ప్రతి తప్పును దిద్దుటకు ఈ మాట పనికిరాదు. తేదీ తప్పుపడినను, లెక్క తేడా వచ్చినను ‘కరెక్ట్’ చాలును. మనసున పాతుకొని ప్రవర్తనను నడిపించు అభిప్రాయము, ఆశ, భ్రాంతి యున్నచోటనే దీనికి తావు. బహిరంగముగ నొక బూటకమును బట్టబయలు చేయుటకు ‘డీబంక్’ అను వేఱొక మాట కలదు. 1820లో ఉత్తర కెరొలైనా ప్రతినిధి యొకడు అమెరికా శాసనసభలో, తన బంకూమ్ జిల్లావారి మెప్పునకై సారములేని యుపన్యాసము చేయగా, ఆ జిల్లాపేరే డొల్లమాటలకు పేరై, 1923లో విలియం వుడ్‌వర్డు అను నవలాకారుని చేతిలో క్రియగా మాఱినది. డీబంకు వేటు కట్టుకథపై పడును. డిసబ్యూజు చేయి మనిషి భుజముపై పడును. అయినను ఆ చేయి ఎల్లప్పుడు మృదువుగ నుండునని తలంపరాదు. ‘మిమ్ము డిసబ్యూజ్ చేయ ననుమతింపుడు’ అని ఒకరనినచో, వినయపు ముసుగులో ‘నీకు తెలియదు, నాకు తెలియును’ అను దర్పము తొంగిచూచుటయు కలదు. కావుననే నేర్పరులగు రచయితలు పలుమారులు కర్మణిప్రయోగము నాశ్రయించి, బోధకుని తప్పించి అనుభవమునే గురుస్థానమున నిలుపుదురు: మొదటి నెలలోనే ఆయనకు ఆ భ్రమ తీరినది, అనునట్లు.

భ్రమ తీరుట సుఖము గాదని మన పూర్వులకును తెలియును. చీకటిలో త్రాటిని చూచి పామని బెదరినవానికి దీపము తెచ్చి చూపగా, ‘ఇది త్రాడు’ అను జ్ఞానము ‘ఇది పాము’ అను జ్ఞానమును తొలగించును గదా. ఆ తొలగింపునకు వేదాంతులు పెట్టిన పేరు ‘బాధ’. తొలగిన జ్ఞానము ‘బాధితము’. శాస్త్రమున భ్రాంతినివృత్తిని తెలుపు ఆ శబ్దమే లోకమున నొప్పిని తెలుపుచున్నది. అబ్యూజును కడుపున దాచుకొనిన ఆంగ్లపదమువలె ‘అపోహ’యు వింతగనే నడచినది. సంస్కృతమున అపోహ యనగా త్రోసివేయుట. దిఙ్నాగాదులైన బౌద్ధతార్కికులు ఈ శబ్దముపై శబ్దార్థ సిద్ధాంతమునే నిలిపిరి. తెలుగున నది త్రోసివేయవలసిన తప్పుడు తలంపునకే పేరయ్యెను.

ఇంతకును భ్రమను తీర్చుట యెట్లు? 1646లో ఇంగ్లండున థామస్ బ్రౌన్ అను వైద్యుడు, తన కాలమున వ్యాపించియున్న తప్పుడు నమ్మకముల నేర్చికూర్చి యొక్కొక్కదానిని పరీక్షించుచు ‘స్యూడోడాక్సియా ఎపిడెమికా’ అను పెద్ద గ్రంథమును ప్రచురించెను. అందులో ఏనుగును గూర్చిన నమ్మక మొకటి. ఏనుగు కాళ్ళకు కీళ్ళు లేవనియు, కావున అది పండుకొనజాలక చెట్టున కానుకొని నిద్రించుననియు, వేటగాండ్రు ఆ చెట్టును సగము కోసియుంచి దానిని కూల్చి పట్టుదురనియు యూరపులో తరతరములుగా చెప్పుకొనుచుండిరి. మావటివాని సైగకు మోకాళ్ళు వంచు ఏనుగును గుడి ముంగిట చూచిన మనకిది నవ్వు పుట్టించును గాని, ఏనుగును చూడని దేశమున నవ్వువారెవరు? బ్రౌను వారిని తిట్టలేదు. కీళ్ళు వంగక నడక యెట్లు సాగునని యడిగి, కొద్ది యేండ్లక్రిత మింగ్లండులో పలుచోట్ల ప్రదర్శింపబడిన యేనుగు నిలుచుటయే గాక మోకరిల్లుటయు, పండుకొనుటయు జనులు కన్నులార చూచిరని గుర్తుచేసెను. అంతటితో జయభేరి మ్రోగింపక, ఇప్పటికి అణగిన ఈ పొరపాటు వచ్చు తరమున మరల తలయెత్తవచ్చునని హెచ్చరించెను.

ఆ హెచ్చరికలో ‘డిసబ్యూజ్’ వ్యాకరణమునకు కారణము దొరకుచున్నది. నమ్మకము చావదు; ఒకని విడిచి వేఱొకని పట్టుకొనును. కావున విడిపింపదగినది మనిషినే, అదియును ఒక్కొక్కనినే. బదిలీ యాశ వదలుకొనిన మన ఉద్యోగి నిట్టూర్చి తాకీదును మడిచి దాచుకొనును. మఱుసటి యేడు అదే యాశ ప్రక్క బల్లయొద్దివానికి పుట్టును, పై కార్యాలయము అదే వాక్యమును పేరు మార్చి మరల వ్రాయును.