కంటి ఫోటో చదివే కంప్యూటరు

షుగరు వ్యాధి ఉన్నవారికి కంటి వెనుక భాగంలోని రెటీనా పొరలో సన్నని రక్తనాళాలు మెల్లగా పాడవుతాయి. నొప్పి ఉండదు. చూపు కూడా చాలాకాలం బాగానే ఉంటుంది. మసక వచ్చిందని రోగి గ్రహించేసరికి తరచుగా ఆలస్యమైపోతుంది. అందుకే ఏడాదికొకసారి రెటీనా పరీక్ష చేయించుకోమని చెబుతాము. కానీ ఇంతమందిని చూడడానికి కంటి డాక్టర్లు చాలరు.

ఈ లోటు తీర్చే ప్రయత్నంలో కృత్రిమ మేధ వచ్చింది. గూగుల్ సంస్థవారు సుమారు 1,28,000 రెటీనా ఫోటోలను, వాటిపై డాక్టర్లు ఇచ్చిన నిర్ణయాలను చూపించి కంప్యూటరుకు ఈ జబ్బును గుర్తుపట్టడం నేర్పారు. ఆ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఆ ఫోటోలలో మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి నుండి వెళ్ళినవీ ఉన్నాయి.

తర్వాత దీనిని 2018-19లో థాయిలాండ్‌లోని 11 క్లినిక్‌లలో వాడి చూశారు. అక్కడ ఫోటో తీసేది నర్సులే. అంతకుముందు ఫోటోను దూరాన ఉన్న కంటి డాక్టరుకు పంపితే, జవాబు రావడానికి ఒక్కోసారి 10 వారాలు పట్టేది. కంప్యూటరైతే నిమిషాల్లో చెబుతుంది. కానీ మొదటి ఆరు నెలల్లో తీసిన 1,838 ఫోటోలలో సుమారు 21 శాతాన్ని అది చదవనే లేదు, స్పష్టంగా లేవని తిప్పికొట్టింది. చుక్కల మందు వేయకుండా ఫోటో తీయాలంటే గది చీకటిగా ఉండాలి, అప్పుడే కనుపాప విచ్చుకుంటుంది. చాలా క్లినిక్‌లకు అలాంటి చీకటి గది లేదు. ఇంటర్నెట్ నెమ్మదించినప్పుడు రోగుల వరుస కదిలేది కాదు.

ఫోటో చదవలేదంటే రోగి మరోరోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలన్నది నియమం. బస్సు ఛార్జీ, ఒకరోజు కూలి పోతాయి. ఫోటోలో కనిపించినంత మేరకు జబ్బు లేదని తెలుస్తున్నా పంపవలసి రావడం నర్సులకు నచ్చలేదు. ఆ మాట పరిశోధకులకు చెప్పారు. వారు విని నియమం మార్చారు: చదవలేని ఫోటోను, రోగి పాత వివరాలతో కలిపి కంటి డాక్టరు చూస్తారు, అవసరమైతేనే పంపుతారు. ఒక నర్సుగా నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. యంత్రం కొనడం ఒక్కరోజు పని. గది, వెలుతురు, వరుస, నర్సు మాట వినే పద్ధతి సమకూర్చుకోవడానికే అసలు సమయం పడుతుంది.

మీ ఇంట్లో షుగరు ఉన్నవారి ఆసుపత్రి చీటీ ఒకసారి తీసి చూడండి. చివరి కంటి పరీక్ష జరిగి ఏడాది దాటితే, చూపు బాగున్నా వెంటనే చేయించండి. చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది కాబట్టి తోడుగా ఒకరిని తీసుకువెళ్ళండి.