మావయ్య రిపోర్టులోకి యూరియా ఎలా వచ్చింది?

సుమ్మాదేవి నుంచి మావయ్య వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. కంటి ఆపరేషన్‌కి ముందు చేయించిన రక్తం, మూత్రం పరీక్షల రిపోర్టు. వెనకే ఒక వాయిస్ మెసేజ్. “అల్లుడూ, ఇందులో యూరియా అని రెండు చోట్ల ఉందట్రా. నాను సేనికి ఏసిన యూరియా ఒంట్లోకి ఎలగొచ్చీసింది?”

నవ్వొచ్చింది. ఆఫీసు మీటింగ్ మధ్యలో ఉన్నాను. ఫొటో జూమ్ చేస్తే పైన ‘ప్రోటీన్యూరియా: నిల్’ అని కనిపించింది. మూత్రంలో ప్రోటీన్ పోవడం లేదంటే కిడ్నీలు బాగున్నట్టే అనుకుని, “ఏం లేదు మావయ్యా, అంతా బాగుంది” అని కొట్టేశాను. కింద ఇంకో యూరియా ఉందని ఆయన చెప్పినా చూడలేదు. వారం తర్వాత కళ్ల డాక్టరే ఆ కాగితం చూసి, ముందు కిడ్నీ డాక్టర్ని కలవండి అన్నారు. కింది లైన్లలో బ్లడ్ యూరియా 58, క్రియాటినిన్ 1.9 ఉన్నాయి. రెండూ ఉండాల్సిన దానికంటే ఎక్కువే. “నువ్వు బాగుందన్నావు గదేటి?” అన్నాడు మావయ్య. కోపంగా కాదు, మామూలుగానే. అందుకే ఇంకా గుచ్చుకుంది.

ఉద్దానం మనిషికి క్రియాటినిన్ అనే మాట కొత్తేం కాదు. మా వైపు పెళ్లిచూపుల్లో కట్నం కంటే ముందు దీని గురించి వాకబు చేసేవాళ్లున్నారు. అయినా రిపోర్టు మొత్తం మనకి ఇంగ్లీషు అడవిలాగే కనిపిస్తుంది. నాకు దారి చూపించింది డిక్షనరీ కాదు, మాటల చివర ఉండే తోకలు. వ్యాకరణంలో వీటిని ప్రత్యయాలంటారు. ఇది మనకి తెలియని విద్యేం కాదు. ఆమదాలవలస, కొత్తవలస అనగానే ఎక్కడినుంచో వలస వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లని తోక చెప్పేస్తుంది కదా. డాక్టర్ల ఇంగ్లీషూ అంతే. చాలావరకు పాత గ్రీకు ముక్కలు అతికించి కట్టిన ఊళ్లు.

ముందు మావయ్య యూరియాల సంగతి తేలుద్దాం. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. ఇంగ్లీషులో స్పెల్లింగు వేరు. మొదటిది తోక. ఏ మాట చివర వచ్చినా ‘మూత్రంలో’ అని అర్థం. ప్రోటీన్యూరియా అంటే మూత్రంలో ప్రోటీన్, హెమటూరియా అంటే మూత్రంలో రక్తం, గ్లైకోసూరియా అంటే మూత్రంలో చక్కెర. రెండోది తోక కాదు, ఒక పదార్థం పేరు. మనం తిన్న ప్రోటీన్ అరిగాక మిగిలే నత్రజనిని లివర్ యూరియాగా మారుస్తుంది, కిడ్నీ దాన్ని బయటికి పంపుతుంది. కిడ్నీ నెమ్మదిస్తే అది రక్తంలో పేరుకుంటుంది. రెండు మాటలకీ మూలం ఒకటే, మూత్రం అనే అర్థమున్న గ్రీకు మాట. మరి బస్తాలో యూరియా? అదీ అచ్చంగా ఇదే పదార్థం! 1828లో వోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపించాడు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో చేసి పొలాలకి పంపుతున్నారు. కాబట్టి మావయ్య ప్రశ్న నేను నవ్వినంత తెలివితక్కువదేం కాదు. ఆయన రక్తంలో ఉన్నది మాత్రం బస్తాలోంచి రాలేదు, ఒంట్లోనే తయారైంది.

అసలు విషయం ఇక్కడుంది. షుగర్ వల్ల కిడ్నీ పాడయ్యేటప్పుడు చాలామందికి మూత్రంలో ప్రోటీన్ ముందే బయటపడుతుంది. ఉద్దానం జబ్బు అలా కాదు. ఇక్కడ చాలామందికి షుగర్ ఉండదు, మొదట్లో బీపీ ఉండదు, వాపులుండవు, ప్రోటీన్ పోయినా చాలా తక్కువే పోతుంది. అంటే ‘ప్రోటీన్యూరియా: నిల్’ అనే లైన్ మన దగ్గర ధైర్యం చెప్పే లైన్ కాదు. రక్తంలో క్రియాటినిన్ చూడాల్సిందే. తోక అర్థం నాకు తెలిసుండీ తప్పు చెప్పాను. తోక ఏం చెబుతుందో తెలిసింది కానీ, ఏం చెప్పదో తెలియలేదు.

యూరియాకి అక్క లాంటి తోక ‘ఈమియా’, అంటే రక్తంలో. ఎనీమియా, లుకేమియా, యురీమియా అన్నీ ఆ ఇంటివే. కిడ్నీ పేషెంట్లకి ఎనీమియా ఎందుకొస్తుందంటే, ఎర్రకణాలు తయారవమని ఎముక మజ్జకి చెప్పే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ ఎక్కువగా కిడ్నీలోనే పుడుతుంది కాబట్టి. ఆ పేరులోని ‘పోయిటిన్’, ఇంగ్లీషులో కవిని పిలిచే ‘పొయెట్’ ఒకే మూలం నుంచి వచ్చాయి. తయారుచేసేవాడు అని.

‘లైసిస్’ అంటే విడదీయడం, వదులవడం. మా అమ్మమ్మ డయాలసిస్‌నీ పెరాలసిస్‌నీ కలిపేసి, డయాలసిస్ మొదలుపెడితే కాళ్లూ చేతులూ పడిపోతాయని భయపడేది. నిజానికి రెండిటికీ తోక ఒకటే. ఒకదాంట్లో రక్తంలోంచి మలినాలు విడిపోతాయి, ఇంకోదాంట్లో నరాలకీ కండరాలకీ మధ్య పట్టు వదిలిపోతుంది. ఎనాలిసిస్ కూడా ఈ గుంపే.

ఇక ‘లాజిస్ట్’. అది అందరికీ తెలిసిన తోకే, చూడాల్సింది దాని ముందు ముక్క. నెఫ్రాలజిస్ట్ కిడ్నీ జబ్బులకి మందులతో వైద్యం చేస్తారు, డయాలసిస్ చూసుకుంటారు. యూరాలజిస్ట్ సర్జన్, రాళ్లు, ప్రోస్టేట్ లాంటివి చూస్తారు. క్రియాటినిన్ పెరిగితే వెళ్లాల్సింది మొదటివారి దగ్గరికి. ఈ ఒక్క ముక్క తెలియక బస్సు చార్జీలు పెట్టుకుని విశాఖ వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్లని చూశాను.

నన్ను ఎక్కువగా ఆపేసిన తోక మాత్రం ‘పతీ’. గ్రీకులో పేథోస్ అంటే బాధ. సింపతీలో, ఎంపతీలో, అపతీలో ఉన్నది అదే. డాక్టర్లు దాన్ని జబ్బు అనే అర్థంలో వాడతారు. మన ఊరి పేరు ప్రపంచ వైద్య పుస్తకాల్లోకి ఈ తోకతోనే ఎక్కింది, ఉద్దానం నెఫ్రోపతీ అని. మాటని విప్పి చూస్తే, ఉద్దానంలో కిడ్నీకి వచ్చే జబ్బు. అంతే! ఇది మా అమ్మమ్మ కూడా చెప్పగలదు. ‘ఐటిస్’ అయితే కాస్త ఎక్కువ చెబుతుంది. గ్రీకులో దానర్థం ‘ఫలానాదానికి సంబంధించిన’ అని మాత్రమే, కాలక్రమంలో వాపు, మంట అనే అర్థం స్థిరపడింది. ఆర్థ్రైటిస్, హెపటైటిస్, ఎపెండిసైటిస్ లాగ. మన దగ్గర కిడ్నీ ముక్క తీసి పరీక్షించిన కేసుల్లో వడపోత జల్లెడల కంటే సన్నని గొట్టాల చుట్టూ ఉండే భాగమే ఎక్కువ దెబ్బతిన్నట్టు కనిపించింది. దాన్ని ఇంటర్‌స్టిషియల్ నెఫ్రైటిస్ అంటారు. అంటే ‘ఐటిస్’ ఎక్కడో చెప్పింది. ఎందుకో చెప్పలేదు.

శాస్త్రవేత్తలు వాడే ఇంకో పేరు సి.కె.డి.యు. చివరి ‘యు’కి ‘కారణం తెలియని’ అని అర్థం. నీళ్లు, పురుగుమందులు, ఎండలో పని, వంశపారంపర్యం, అన్నిటి మీదా అనుమానం ఉంది, దేని మీదా తీర్పు రాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య జిల్లాల రైతులకీ, మధ్య అమెరికా చెరకు తోటల కూలీలకీ ఇదే ‘యు’ ఉంది. తోక ఊడినవాళ్లూ ఉన్నారు. డాన్యూబ్ ఉపనదుల దగ్గరి పల్లెల్లో బాల్కన్ నెఫ్రోపతీ అనే జబ్బు ఉండేది. 1950లలో దాన్ని గుర్తించారు. గోధుమ చేలల్లో కలిసిపోయి పెరిగే ఒక కలుపు మొక్కలోని అరిస్టోలోకిక్ యాసిడ్ పిండిలో కలవడమే కారణమని తేలడానికి దశాబ్దాలు పట్టింది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ 2023 డిసెంబరులో మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నీళ్లు పైపుల్లో తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. వైద్యానికీ నీళ్లకీ దారి పడింది కానీ ‘యు’ ఇంకా అలాగే ఉంది.

కారణం తెలిసేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఎందుకంటే ఇంకో రకం తోకలు మన జేబులోనే, టాబ్లెట్ స్ట్రిప్ మీద ఉంటాయి. మందుల అసలు పేర్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950ల నుంచి ఒక పద్ధతి నడుపుతోంది. ఒక కుటుంబం మందులకి ఒకే ముక్క పెడతారు. ‘సార్టాన్’ ఉంటే (టెల్మిసార్టాన్, లోసార్టాన్) బీపీ మందు. ‘వాస్టాటిన్’ ఉంటే కొలెస్ట్రాల్‌కి. కోడ్ రాసేవాళ్లకి ఫైల్ ఎక్స్‌టెన్షన్ ఎలాగో ఇది అలాగ. కిడ్నీ ఉన్న ప్రతివాడూ గుర్తుపెట్టుకోవాల్సినవి ‘ఫెనాక్’ (డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్), ‘ప్రొఫెన్’ (ఐబుప్రొఫెన్), ‘ఆక్సికామ్’ (పైరాక్సికామ్), ‘కాక్సిబ్’ (ఎటోరికాక్సిబ్). ఇవన్నీ నొప్పుల మాత్రలే. దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. కొబ్బరి చెట్లెక్కి, జీడితోటల్లో వంగి పనిచేసి సాయంత్రానికి ఒళ్లు పులిసిపోతే, మందుల షాపులో చీటీ లేకుండా దొరికేవి తరచూ ఇవే. ఈ తోకలకి చిక్కనివీ ఉన్నాయి, నాప్రోక్సెన్, నిమెసులైడ్ లాంటివి. కాబట్టి తోక కనిపించలేదని మింగేయొద్దు. అలాగే తోక చూసి భయపడి డాక్టరు రాసిన బీపీ మందు మీ అంతట మీరు మానేయొద్దు. తోక మీ చేత ప్రశ్న అడిగించడానికే.

మావయ్య నెఫ్రాలజిస్ట్‌ని కలిశాడు. మూడు నెలల పైగా ఇలాగే ఉంటేనే క్రానిక్ అంటామని, మళ్లీ పరీక్షకి రమ్మన్నారు. ఆ తేదీ వచ్చే నెల. మొన్న రాత్రి ఇంకో ఫొటో వచ్చింది, నడుం నొప్పికి షాపువాడిచ్చిన స్ట్రిప్. పెద్దక్షరాల్లో బ్రాండ్ పేరు, కింద చిన్నక్షరాల్లో అసలు పేరు. “తోక సూసినాను అల్లుడూ. ఫెనాక్ అని ఉందంట. మీ అత్త సదివింది. తిరిగిచ్చీమంటావా?”

ఈసారి మీటింగ్‌లోంచి లేచి బయటికొచ్చి ఫోన్ చేశాను.