పండుగలోపు కండలు రావు

సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగిసి, వీధి దీపాలు వెలిగే వేళకు విజయవాడ వన్ టౌన్ ఇరుకు వీధుల్లో రెండు రకాల చప్పుళ్లు వినిపిస్తాయి. కింద తోపుడుబండ్ల రొద, హమాలీల కేకలు. పైన మేడ మీద ఇనుప బరువులు ఒకదానికొకటి తగిలే చప్పుడు. మన ఇళ్లలో పదిహేడేళ్లు నిండిన కుర్రాడుంటే అతడు ఆ మేడ మెట్లు ఎక్కుతూనే ఉంటాడు. లేదా జిమ్ ఫీజు కోసం తల్లి దగ్గర నసుగుతూ ఉంటాడు.

ఇది సంతోషించవలసిన విషయమే. గుట్కా నములుతూ వీధి మలుపులో నిలబడటం కంటే గంటసేపు చెమటోడ్చడం ఎంతో మేలు. అయితే ఈమధ్య మాకు ఎదురైన ఒక కుర్రాడి సంగతి పాఠకులకు చెప్పాలి.

అతడికి పంతొమ్మిదేళ్లు. పగలంతా ఒక హోల్‌సేల్ దుకాణంలో పని. జిమ్‌లో చేరి రెండు నెలలైంది. "ఈద్‌కు ఇంకా రెండు నెలలే ఉంది భాయ్, అప్పటికి బాడీ రావాలి" అన్నాడు. సెల్‌ఫోన్ తీసి ఎవరిదో ఫోటో చూపించాడు. అలా కావాలట. ఇంట్లో ఇవ్వవలసిన జీతంలో సగం పెట్టి ఒక పొడి డబ్బా కొన్నాడు. అది అయిపోయింది గాని చొక్కా బిగుతు కాలేదు. ఇప్పుడు తెలిసినవాడొకడు సూది మందు గురించి చెబుతున్నాడట. వేయించుకోవచ్చా అని మమ్మల్ని అడిగాడు.

వద్దు అని ఒక్క మాటలో చెప్పి పంపవచ్చు. కానీ వయసులో ఉన్నవాడికి 'వద్దు' ఒక్కటే చాలదు, కారణం కూడా కావాలి. అసలు మందులేవీ లేకుండా, ఇంటి తిండి తిని, బరువులెత్తి ఒక మనిషి ఎంత కండ పెంచగలడు? ఎన్నాళ్లలో? ఈ లెక్క తెలిసినవాడిని డబ్బా అమ్మేవాడు గాని, సూది అమ్మేవాడు గాని తేలిగ్గా మోసం చేయలేడు.

నెలకు అరకిలో

కొత్తగా బరువులెత్తడం మొదలుపెట్టిన ఆరోగ్యవంతుడైన యువకుడు శ్రద్ధగా సాధన చేసి, సరిగా తిని, సరిగా నిద్రపోతే మొదటి ఏడాదిలో సుమారుగా నెలకు అరకిలో చొప్పున కండ పెరగవచ్చు. అంటే ఏడాదికి నాలుగు నుంచి ఆరు కిలోలు. రెండో ఏడాది అందులో సగం. మూడో ఏడాది ఆ సగంలో సగం. తరువాత ఏడాదికి కిలో పెరిగినా గొప్పే. ఇది అందరికీ అచ్చుగుద్దినట్టు వర్తించే సూత్రం కాదు. ఒంటి తీరును బట్టి కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ.

అరవై కిలోల బరువున్న మన కుర్రాడు మూడు నాలుగేళ్లు ఓపికగా సాధన చేస్తే అరవై ఏడు, అరవై ఎనిమిది కిలోలకు చేరవచ్చు. వినడానికి తక్కువగా ఉంది కదూ! కానీ ఆ ఏడెనిమిది కిలోలూ కొవ్వు కాదు, కండ. మాంసం దుకాణంలో ఎనిమిది కిలోల మాంసం తూకం వేయించి చూడండి, అది ఎంత పెద్ద కుప్పో తెలుస్తుంది. భుజాలకు, ఛాతీకి, తొడలకు అంత కండ పట్టినవాడిని చూసిన చుట్టాలు 'మనిషి మారిపోయాడే' అనకుండా ఉండరు.

మొదటి రెండు నెలల్లో అద్దంలో పెద్దగా మార్పు కనిపించదు. ఎత్తే బరువు మాత్రం వారం వారం పెరుగుతుంది. ఎందుకంటే ముందుగా నేర్చుకునేది నరాలు. ఉన్న కండనే పూర్తిగా వాడుకోవడం వాటికి అలవాటవుతుంది. కొత్త కండ తరువాత వస్తుంది. సరిగ్గా ఈ రెండు నెలల దగ్గరే చాలామంది నిరాశపడి మానేస్తారు, లేదా అడ్డదారి వెతుకుతారు.

వ్యాయామం అయిన వెంటనే చేతులు ఉబ్బి కనిపించడం కండ కాదు, అక్కడికి చేరిన రక్తం. గంట రెండు గంటల్లో తగ్గిపోతుంది. ఫోన్లలో కనిపించే బొమ్మలు చాలావరకు ఆ గంటలో, పైనుంచి దీపం పడేలా చూసుకుని తీసినవే.

సూది చేసే పని

1996లో అమెరికాలో భారత సంతతి వైద్యుడు షాలెందర్ భాసిన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. బరువులెత్తడం ముందే తెలిసిన 43 మంది పురుషులను నాలుగు జట్లు చేసి పది వారాలు పరిశీలించారు. వ్యాయామం చేస్తూ ఉత్తుత్తి సూది తీసుకున్న జట్టుకు కొవ్వు కాని ఒంటి బరువు సగటున రెండు కిలోలు పెరిగింది. వ్యాయామం ఏమీ చేయకుండా పెద్ద మోతాదులో టెస్టోస్టిరాన్ సూది తీసుకున్న జట్టుకు మూడు కిలోలకు పైగా పెరిగింది. సూదీ వ్యాయామమూ రెండూ ఉన్నవారికి ఆరు కిలోలు పెరిగింది.

కూర్చున్నవాడు కష్టపడినవాడిని మించిపోయాడు! అందుకే సూదికి అంత గిరాకీ. అది పనిచేయదని మేము అబద్ధం చెప్పబోము. పనిచేస్తుంది. అయితే ఫోన్‌లో చూసిన ఆ ఒళ్లు ఏ దారిన వచ్చిందో మనకు తెలియదు కాబట్టి దానితో మన ఒంటిని పోల్చుకోవడం అర్థంలేని పని. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ అంతటివాడే తాను పోటీల రోజుల్లో స్టెరాయిడ్లు వాడినట్టు ఒప్పుకున్నాడు.

ఇక దాని ఖరీదు చూడండి. బయటినుంచి ఆ హార్మోన్ వస్తుంటే ఒళ్లు తన సొంత తయారీని ఆపేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి. వీర్యకణాలు పడిపోతాయి, ఒక్కోసారి పూర్తిగా లేకుండా పోతాయి. మానేశాక మామూలు స్థితికి రావడానికి నెలలు పట్టవచ్చు, ఏడాది దాటవచ్చు. పెళ్లయి పిల్లలు కలగక ఆస్పత్రుల చుట్టూ తిరిగే రోజున ఈ సంగతి ఇంట్లో చెప్పుకోలేక కుమిలిపోవలసి వస్తుంది. కొందరికి రొమ్ములు పెరుగుతాయి. చెడు కొలెస్టరాల్, రక్తపోటు పెరుగుతాయి. గుండె గోడలు మందమవుతాయి. మాత్రల రూపంలో తీసుకుంటే కాలేయం దెబ్బతింటుంది. ఇంత చేసి, సూది మానేస్తే వచ్చిన కండలో చాలా భాగం నిలవదు.

మరో ప్రమాదం కూడా ఉంది. ఆపరేషన్ సమయంలో రక్తపోటు పడిపోతే పెంచడానికి వైద్యులు వాడే మెఫెంటెర్మిన్ సూదిని కొందరు జిమ్‌కు ముందు 'ఊపు' కోసం పొడిపించుకుంటున్నారు. అది కండను పెంచదు, గుండెను పరుగెత్తిస్తుంది. అలవాటుగా మారి వదలదు.

గామా ఫోటో చూడండి

స్టెరాయిడ్ మాత్రలు 1950ల చివరి నుంచి వ్యాయామశాలల్లో వ్యాపించాయి. అంతకుముందు మన దేశంలో బలవంతులు లేరా? వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఉక్కు గొలుసులు తెంచి, రొమ్ము మీద ఏనుగును నిలిపి తెలుగువారి పేరు నిలబెట్టాడు.

గామా పహిల్వాన్ గురించి మన పెద్దలు చెప్పగా వినే ఉంటారు. అమృత్‌సర్ ప్రాంతంలో 1878లో పుట్టిన గులామ్ ముహమ్మద్ పదేళ్ల వయసుకే బస్కీల పోటీలో పెద్దవాళ్ల మధ్య నిలిచి పేరు తెచ్చుకున్నాడు. 1910లో లండన్ వెళ్లి పోలండ్ మల్లుడు జిబిస్కోతో తలపడేనాటికి అతడి వయసు 32. అంటే వెనుక ఇరవై రెండేళ్ల సాధన ఉంది. రెండున్నర గంటలకు పైగా సాగిన ఆ కుస్తీ తేలలేదు. మళ్లీ 1928లో పాటియాలాలో ఇద్దరూ కలబడినప్పుడు యాభై ఏళ్ల గామా నిమిషం లోపే జిబిస్కోను పడగొట్టాడు.

గామా ఫోటోలు నేటికీ దొరుకుతాయి. ఎత్తు అయిదున్నర అడుగులకు కాస్త పైన. మెడ, తొడలు, వీపు దిట్టం. పొట్ట మీద ఆరు పలకలు లేవు. ఈనాటి జిమ్ పోస్టర్ పక్కన పెడితే మన కుర్రాళ్లు 'ఏం బాడీ ఇది' అంటారేమో! ఆ బాడీ ముందు నిలబడటానికి నాటి ప్రపంచ మల్లులే వెనుకాడారు.

బెంగాల్‌కు చెందిన మనోహర్ ఐచ్ ఎత్తు అయిదడుగులైనా లేదు. 1952లో మిస్టర్ యూనివర్స్ బిరుదు గెలిచాడు. 2016లో చనిపోయేనాటికి నూరేళ్లు దాటాడు.

దూరం ఎందుకు? కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల తెల్లవారుజామున బస్తాలు మోసే హమాలీలను చూడండి. వారి ఒళ్లు పోస్టర్‌లా ఉండదు. కానీ జిమ్‌లో ఏడాది చేసినవాడు కూడా ఆ బస్తా వీపున వేసుకుని మెట్లెక్కలేక తడబడతాడు. బలం వేరు, చూపులకు ఉండే ఆకారం వేరు.

డబ్బాలో ఉన్నది వంటింట్లోనూ ఉంది

కండకు కావలసిన ముఖ్య పదార్థం మాంసకృత్తులు. 2018లో 49 పరిశోధనల ఫలితాలను కలిపి చూసినవారు తేల్చిందేమంటే, బరువులెత్తేవారికి ఒంటి బరువులో కిలోకు రోజుకు సుమారు 1.6 గ్రాములు చాలు. అంతకు మించి తిన్నా అదనపు కండ దాదాపు రాదు. అరవై కిలోల వాడికి 96 గ్రాములన్నమాట.

ఇప్పుడు ఇంటి లెక్క చూద్దాం. నాలుగు గుడ్లలో 25 గ్రాములు. నూటయాభై గ్రాముల కోడిమాంసంలో 30. అర లీటరు పాలు, పెరుగు కలిపి 16. డెబ్బై అయిదు గ్రాముల కందిపప్పో పెసరపప్పో వండితే 17. రోజంతా తినే అన్నంలో 14 వరకు. మొత్తం నూరు దాటింది! కోడిమాంసం లేని రోజున గుప్పెడు వేరుసెనగలు, మీల్‌మేకర్ ఉన్నాయి. కాబట్టి పొడి డబ్బా తప్పనిసరి కాదు.

పొడి విషం అని మేము అనడం లేదు. మంచిదైతే అది పాలనుంచి తీసిన మాంసకృత్తే. కానీ డబ్బా మీద రాసింది లోపల ఉండాలి కదా. మన దేశంలో అమ్ముడయ్యే 36 రకాల పొడులను పరీక్షించి 2024లో ప్రచురించిన పరిశోధనలో దాదాపు 70 శాతం డబ్బాల మీది లెక్క లోపలి సరుకుతో సరిపోలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా అదే ఏడాది విడుదల చేసిన ఆహార సూచనల్లో ఇలాంటి పొడులకు దూరంగా ఉండమనే చెప్పింది.

సాధన ఎలా?

వారానికి మూడు నాలుగు రోజులు చాలు. ప్రతి కండకు వారంలో రెండుసార్లు పని పడాలి. ఈ నెల ఎత్తిన దానికంటే వచ్చే నెల కాస్త ఎక్కువ ఎత్తాలి, లేదా అదే బరువును మరో రెండుసార్లు ఎత్తాలి. ఇదే అసలు కిటుకు. రోజూ అదే బరువు, అన్నిసార్లే ఎత్తేవాడి ఒళ్లు కూడా అలాగే ఉండిపోతుంది. ఏడెనిమిది గంటలు నిద్రపోవాలి. అర్ధరాత్రి దాకా ఫోన్ చూసి పొద్దున బరువులెత్తినా ఫలితం అంతంతమాత్రమే. రోజూ అద్దం చూసుకోకుండా నెలకొకసారి టేపుతో చేయి, ఛాతీ, నడుము కొలిచి నోటుబుక్కులో రాసుకోండి. అద్దం మన మనసును బట్టి మాట్లాడుతుంది, టేపు ఉన్నదే చెబుతుంది.

రంజాన్ నెలలో కండ కరిగిపోతుందన్న భయం చాలామందికి ఉంది. ట్యునీషియా పరిశోధకులు బరువులెత్తే 16 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఉపవాసంలో ఉండగా, మరొకటి ఇఫ్తార్ తరువాత వ్యాయామం చేసింది. నెల ముగిశాక చూస్తే ఇద్దరికీ కండా తగ్గలేదు, బరువూ తగ్గలేదు. 2013లో ఈ ఫలితం వెలువడింది. సహరీలో గుడ్లు, పెరుగు, పప్పు ఉండేలా, ఇఫ్తార్ నుంచి పడుకునేదాకా నీళ్లు బాగా తాగేలా చూసుకుంటే చాలు. మన విజయవాడ ఎండల్లో ఇఫ్తార్ తరువాత చేయడమే మేలు.

ఇది కుర్రాళ్లకే పరిమితమైన సంగతి కాదు. ముప్పై దాటాక ప్రతి పదేళ్లకూ కొంత కండ తరిగిపోతూ ఉంటుంది. 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ల సగటు వయసున్న పదిమంది వృద్ధులతో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయిస్తే వారి కాలి బలం రెట్టింపును మించి పెరిగింది. ఇంట్లో తల్లులు, నానమ్మలు కూడా నీళ్ల సీసాలు పట్టుకుని మొదలుపెట్టవచ్చు. ఆడవాళ్లకు మగవాళ్లలా కండలు ఉబ్బుతాయన్న భయం అక్కరలేదు. మోకాళ్లకు, ఎముకలకు అండ దొరుకుతుంది.

మళ్లీ ఆ కుర్రాడు

ఈ లెక్కంతా మేము ఆ కుర్రాడి ముందు పెట్టాం. కాసేపు మౌనంగా ఉన్నాడు. "అయితే ఈద్‌కు రాదా భాయ్?" అన్నాడు. ఈ ఈద్‌కు కిలో రావచ్చు, వచ్చే ఈద్‌కు అయిదు కిలోలు రావచ్చు, ఆపైన వచ్చే ఈద్‌కు మీ అమ్మ పాత షేర్వానీ పక్కన పెట్టి కొత్తది కుట్టించవలసి వస్తుంది అన్నాం. నవ్వాడు. సూది మాట మళ్లీ ఎత్తలేదు. మానేశాడని ప్రమాణం చేసి చెప్పలేం గాని, మరుసటి వారం నోటుబుక్కు కొన్నానని కబురు పంపాడు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లవాడు జిమ్‌కు వెళ్తానంటే కోప్పడకండి. అక్కడ ఏం తింటున్నాడో, ఏం తాగుతున్నాడో, ఎవరి సలహా వింటున్నాడో మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. నెలలో పది కిలోలు పెరిగాడంటే మురిసిపోకుండా అనుమానించండి. మామిడి టెంక నాటి మూడో నెలలో కాయ కోసినవాడు లేడు. కండ కూడా అంతే.