కామెర్ల మనిషికి కడుపునొప్పి వస్తే...

ఇంట్లో ఒకరికి కళ్లు పచ్చబడ్డాయంటే చాలు, "పసరు పోయించండి, వాతలు పెట్టించండి" అని సలహాలు మొదలవుతాయి. కానీ పచ్చబడిన కళ్లన్నిటికీ కారణం ఒకటి కాదండీ. హెపటైటిస్ వచ్చి కాలేయం వాచినా పచ్చబడతాయి. పిత్తాశయంలోని రాయి జారి పైత్యరసం గొట్టానికి అడ్డుపడినా పచ్చబడతాయి. ఒకే మనిషికి రెండూ ఉంటే, ఆ తేడా ముందుగా గమనించాల్సింది పక్కనుండి చూసుకునే మనమే.

కాలేయం వాపుకి నీరసం, వికారం, డొక్కలో బరువు ఉంటాయి. రాయి నొప్పి వేరు. తరచు నూనె వంటలు తిన్నాక, రాత్రిపూట, పొట్ట పైభాగాన పట్టేసి కుడి భుజానికో వీపుకో పాకుతుంది. గ్యాస్ అనుకుని సోడా తాగించి ఊరుకోకండి.

నొప్పి మొదలైన టైము కాగితం మీద రాయండి. జ్వరం చూడండి. ఆ సమయంలో తిండి పెట్టవద్దు. నొప్పి మాత్రలు సొంతంగా వేయవద్దు. పారాసిటమాల్ కూడా మోతాదు మించితే కాలేయానికే చేటు.

చలితో జ్వరం, ఆగని వాంతులు, గంటలు గడిచినా తగ్గని నొప్పి, సున్నంలా తెల్లటి విరేచనం, మత్తు, మాట తడబాటు - వీటిలో ఏది కనిపించినా "పొద్దున చూద్దాంలే" అనకూడదు. అడ్డుపడిన గొట్టంలో చీము పడితే ప్రాణం మీదికొస్తుంది. పెద్దాసుపత్రుల్లో నోటిద్వారా గొట్టం పంపి రాయి తీస్తారు.

నొప్పి తగ్గాక పత్యం పేరుతో వట్టి మజ్జిగన్నంతో మాడ్చకండి. మెత్తటి అన్నం, పెసరకట్టు, ఇడ్లీ, సొరకాయ, బీరకాయ కూరలు, వెన్న తీసిన మజ్జిగ కొద్దికొద్దిగా 5, 6 సార్లు పెట్టండి. వేపుళ్లు, నెయ్యి, కొబ్బరి పచ్చళ్లు వద్దు. బజారు చెరుకురసం అసలే వద్దు. ఒళ్లు దురదగా ఉంటే గోళ్లు కత్తిరించి, చల్లటి తడిగుడ్డతో అద్దండి.

ఎ, ఇ రకాలు కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వస్తాయి. కాచిన నీళ్లే వాడండి, సబ్బుతో చేతులు కడుక్కోండి. గర్భిణులకు ఇ రకం చాలా ప్రమాదం. రోగి సేవ వాళ్లకు అప్పగించకండి. బి, సి రకాలు రక్తం ద్వారా అంటుతాయి. బ్లేడు, బ్రష్షు, గోళ్ల కత్తెర వేరుగా ఉంచండి. కంచం వేరుచేసి ఆ మనిషిని బాధపెట్టనక్కర్లేదు. బి రకమైతే ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకుని, అవసరమైనవాళ్లు టీకా మోతాదులన్నీ పూర్తిచేసుకోవాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ టైము రాసిన కాగితం, వాడుతున్న మందులూ వెంట తీసుకెళ్లండి. పసరు తాగించి ఉంటే అదీ దాచకుండా చెప్పండి.