పెట్టె మనది, పట్టు వాటిది

నీళ్ల ట్యాంకుల కింద, అపార్టుమెంట్ల సన్‌షేడ్లకు చాటంత తుట్టె పెట్టి కాలనీ మొత్తాన్ని హడలగొట్టేది కొండ తేనెటీగ. దాన్ని పెంచుకుందామని ఎవరికీ అనిపించదు, అనిపించినా కుదరదు. వెలుతురులో ఒకే ఒక్క పట్టు వేలాడదీసుకుని బతికే జాతి అది. పెట్టెలో పెడితే ఉండదు. గోరింట కొమ్మకో, కంపలోనో అరచేతంత పట్టు కట్టే చిన్న ఈగదీ అదే తీరు. చెట్టు తొర్రలోనో, పాడుపడ్డ పుట్టలోనో చీకట్లో కాపురం పెట్టి, ఒకదాని పక్కన ఒకటిగా ఐదారు పట్లు కట్టుకునేది పుట్ట తేనెటీగ. చీకటి, వరస పట్లు: ఈ రెండు అలవాట్ల వల్లే అది చెక్కపెట్టెకు ఒప్పుకుంది.

ఐరోపా తేనెటీగవీ అవే అలవాట్లు. 1960ల మొదట్లో కాంగ్రా లోయలోని నగ్రోటాలో అది మన దేశంలో నిలదొక్కుకుంది. పొద్దుతిరుగుడు, ఆవాల పొలాల వెంట లారీల్లో పెట్టెలు తిప్పే వ్యాపారులకు అదే లాభం. పెట్టెకు ఏడాదికి పాతిక ముప్పై కిలోలు దించగలరు. పుట్ట ఈగ దగ్గర నాలుగైదు కిలోలు వస్తే బాగా వచ్చినట్టే. అయినా పెరట్లో ఒకటి రెండు పెట్టెలు పెట్టుకునేవారికి నేను పుట్ట ఈగనే చెబుతాను. ఈ ఎండ దానికి కొత్త కాదు, ఊళ్లు తిప్పక్కర్లేదు. పైగా ఐరోపా ఈగల్ని దేశదేశాల్లో పీల్చి పిప్పి చేస్తున్న వరోవా పేను మొదట ఉన్నది ఈ ఆసియా ఈగల మీదే. కాబట్టి దాన్ని దులుపుకోవడం వీటికి బాగా తెలుసు.

పాదిరీల శాస్త్రం

1851లో ఫిలడెల్ఫియాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాదిరీ ఒక సందు గురించి ఆలోచించాడు. పెట్టెలో ఆరు మిల్లీమీటర్ల కన్నా ఇరుకు సందు ఉంటే ఈగలు జిగురు పెట్టి మూసేస్తాయి. తొమ్మిది దాటితే ఖాళీ ఎందుకని అక్కడో పట్టు కట్టేస్తాయి. ఈ రెంటికీ నడుమ వదిలితే అది తమ నడవ అనుకుని దాని జోలికి పోవు. అంతే! చట్రాలకు చుట్టూ ఆ కాస్త సందు వదిలేసరికి, పట్టును కోయకుండా, ఈగను చంపకుండా చట్రం పైకెత్తి చూసి మళ్లీ పెట్టేసే వీలు దొరికింది. మరుసటి ఏడాదే పేటెంటు తీసుకున్నాడు గానీ, ఎవరికి వారు అలాంటి పెట్టెలు చేసేసుకోవడంతో ఆయనకు పెద్దగా మిగిలిందేమీ లేదు.

మన దక్షిణాదిలో ఆ పని చేసింది ఇంకో పాదిరీ. 1911–17 మధ్య తిరుచిరాపల్లి ప్రాంతంలో ఫాదర్ న్యూటన్ మన పుట్ట ఈగకు తగ్గట్టు చిన్న పెట్టె తయారుచేసి, ఊళ్లవాళ్లకు పెంపకం నేర్పాడు. ఇప్పటికీ అది న్యూటన్ పెట్టెగానే చలామణీ అవుతోంది. కొత్తగా దిగేవాళ్లు ఆన్‌లైన్‌లో అందంగా కనబడిందని ఐరోపా ఈగల పెట్టె తెప్పించి అందులో పుట్ట ఈగను దించుతుంటారు. ఆ కొలతలు దీనికి సరిపోవు; చట్రాల మధ్య అడ్డదిడ్డంగా పట్లు కట్టి అంతా అతికించేస్తుంది. ఊరి వడ్రంగి చేత చేయించుకోవచ్చు, తప్పు లేదు. మిల్లీమీటర్ల దగ్గర మాత్రం ‘కాస్త అటూ ఇటూ’ అననివ్వకండి.

పోతుటీగకు తండ్రి ఉండడని 1845లో చెప్పిన జర్జోన్ కూడా పాదిరీయే, సైలీషియావాడు. రాణి ఫలదీకరణ చేసి పెట్టిన గుడ్డు ఆడది అవుతుంది, చేయకుండా పెట్టింది పోతు అవుతుంది. కనక పోతుటీగకు తండ్రి లేడు గానీ, తల్లి తరఫు తాత ఉన్నాడు! బఠాణీ మొక్కలతో పేరు పడ్డ మెండెల్ కూడా తన మఠం తోటలో తేనెటీగలు పెంచినవాడే. ఆదివారం ప్రార్థన అయ్యాక వీళ్లందరికీ తీరిక బాగా దొరికేదేమో.

పట్టు లోపలి గుట్టు ఎంతో విప్పినవాడికి మాత్రం చూపే లేదు. జెనీవాకు చెందిన ఫ్రాన్సువా హ్యూబర్ చిన్న వయసులోనే కళ్లు పోగొట్టుకున్నాడు. పుస్తకం పుటల్లా తెరుచుకునే పెట్టె ఒకటి చేయించి, పనివాడు బర్నెన్స్ చేత ఒక్కో పుటా తెరిపిస్తూ, ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తూ, అతని కళ్లతో చూశాడు. రాణి జత కట్టేది పెట్టెలో కాదు, బయట గాలిలో ఎగురుతూ అని తేల్చింది ఆయనే. 1792లో ఆ పరిశీలనలు పుస్తకంగా అచ్చయ్యాయి.

రాణిని వెతక్కండి

పెట్టె తెరవగానే అందరూ చేసే పని రాణి ఎక్కడుందా అని వెతకడం. అన్ని వేల ఈగల్లో అది కనబడదు, ఈలోగా పిల్లపట్టుకు గాలి కొట్టి, ఈగలకు కోపం వస్తుంది. పట్టు గదుల అడుగున చూడండి. సన్నని తెల్ల దారప్పోగు ముక్కలా గుడ్డు నిలబడి ఉంటే చాలు. గుడ్డు పొదగడానికి మూడు రోజులు, కాబట్టి మూడు రోజుల కిందటి వరకూ రాణి క్షేమంగానే ఉన్నట్టు లెక్క. పెట్టె మూసేయొచ్చు.

అయినా రాణి అన్నది మనం పెట్టిన పేరే. అది ఏలేదేమీ లేదు. కూలి ఈగ అయినా, రాణి అయినా ఒకే రకం గుడ్డు నుంచి వస్తాయి. మొదటి మూడు రోజులు అన్ని పిల్లలకూ కూలి ఈగలు పెట్టేది రాయల్ జెల్లీ అనే తిండే. ఆపైన కూలి ఈగ కాబోయేదానికి పుప్పొడి, తేనె కలిపి పెడతాయి, రాణి కాబోయేదానికి మాత్రం జెల్లీయే కొనసాగిస్తాయి. ఆ తిండి తేడాకే ఐరోపా ఈగల్లో రాణి 16 రోజుల్లో, కూలి ఈగ 21 రోజుల్లో బయటికొస్తుంది. ఏ పనీ చేయని పోతుకు 24 రోజులు పడుతుంది. ముసలి రాణి పనికిరాదనిపిస్తే కూలి ఈగలే కొత్త రాణిని తయారుచేసుకుంటాయి.

అరటిపండు తిని వెళ్లకండి

తేనెటీగ కుట్టగానే ముల్లుతోపాటు ఒక వాసన వదులుతుంది, ‘ఇక్కడే, రండి’ అని తోటివాటికి చెప్పే వాసన. అందులో ముఖ్యమైన పదార్థం, పండిన అరటిపండు వాసనకు కారణమైన పదార్థం ఒకటే: ఐసోఎమైల్ ఎసిటేట్. అరటిపండు తిన్న నోటితో పెట్టె దగ్గరికి పోవద్దని పెంపకందార్లు చెప్పేది అందుకే.

పొగ పెట్టేదీ ఆ వాసన తెలియకుండా చేయడానికే. దానికి తోడు, పొగ తగలగానే చాలా ఈగలు ఇల్లు తగలబడుతోందేమో అన్నట్టు కడుపునిండా తేనె తాగేస్తాయి, దాంతో మందగిస్తాయి. కొబ్బరి పీచు, పాత గోనెపట్టా బాగా పనికొస్తాయి. చేతికి వేడి తగలని తెల్లటి పొగ రావాలి, నిప్పురవ్వలు రాకూడదు. కుడితే గోటితో గీకాలా, వేళ్లతో పీకాలా అన్న తర్జనభర్జన వద్దు. ఎంత త్వరగా తీస్తే అంత తక్కువ విషం ఎక్కుతుంది. ఇంట్లో ఎవరికైనా కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికే. అలాంటివాళ్లున్న ఇంట్లో పెట్టె పెట్టకపోవడమే మేలు.

పెట్టె కన్నా ముందు పూలు

పుట్ట ఈగ మేతకు తిరిగేది మహా అయితే కిలోమీటరు, ఆ పైన మరికొంత. ఆ చుట్టులో ఏ నెలలో ఏం పూస్తుందో రాసుకున్నాకే పెట్టె కొనాలి. ఉగాది పచ్చడిలోకి మనం పూత దూసుకునే రోజుల్లోనే వేపచెట్టు మీద ఈగలు జుమ్మంటుంటాయి. నేరేడు, కానుగ, చింత ఆ వెనకే వస్తాయి. చలికాలం మొదట్లో కుంకుడు పూస్తే పండగే. జీడిమామిడి తోటలున్న ఉత్తరాంధ్రవాళ్లు అదృష్టవంతులు. కొబ్బరి ఏడాది పొడుగునా పుప్పొడి ఇస్తుంది. మునగచెట్టు ఒక్కటి పెరట్లో ఉన్నా గొప్పే. అరకు లోయలో కార్తీక మార్గశిరాల్లో కొండవాలులన్నీ పచ్చగా మెరిసే వలిసె పూలను చూడటానికి జనం కార్లేసుకుని వెళ్తారు. ఈగలు అంతకుముందే అక్కడుంటాయి.

వరిచేలు చూసి మోసపోకూడదు. కనుచూపు మేరా పచ్చదనమే, ఈగకు మాత్రం అక్కడ మకరందం చుక్క లేదు. డెల్టాలో ఇంటిచుట్టూ వరే ఉంటే, గట్ల మీద చెట్లే దిక్కు. ముసురు పట్టిన వానాకాలంలో ఎక్కడైనా మేత కొరతే. పంచదార, నీళ్లు సమానంగా కలిపిన పాకం సాయంత్రం పూట పెట్టె లోపలే పెట్టాలి. బయట పెడితే పక్క పట్ల ఈగలు, చీమలు, కందిరీగలు అన్నీ విందుకొస్తాయి.

తమిళనాడులో టీ, కాఫీ దుకాణాల దగ్గర పారేసిన పేపరు కప్పుల్లోని తీపికి వచ్చి ఈగలు గుట్టలుగా చస్తున్నాయని 2011లో పరిశోధకులు రాశారు. మేత దొరకని చోట ఈగ ఎంగిలి కప్పుకు కూడా ఆశపడుతుంది.

ఎండ, చీమ, పిట్ట

పిల్లలున్న పట్టు దగ్గర ఈగలు 34–35 డిగ్రీల వేడి నిలుపుతాయి, చలికాలమైనా ఎండాకాలమైనా. రోహిణి కార్తెలో నీళ్లు మోసుకొచ్చి గదుల మీద పలుచగా పూసి, వాకిట్లో బారులు తీరి రెక్కలతో విసురుతాయి. మన ఎయిర్ కూలరు పనిచేసేదీ ఆ సూత్రం మీదే. కానీ డాబా మీద నడిమధ్యాహ్నపు ఎండలో పెట్టె పెడితే ఆ విసురుడు చాలదు. మైనం మెత్తబడి, తేనె బరువుకు పట్టు తెగి పడుతుంది. చెట్టు నీడ కావాలి, వాకిలి తూర్పుకుంటే పొద్దున్నే పనిలోకి దిగుతాయి. వెడల్పు పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోసి ఉంచండి. లేదంటే పక్కింటి కుళాయి దగ్గర చేరతాయి, తగువు మీ గుమ్మంలోకి వస్తుంది.

చీమలకు మందు పాతదే: స్టాండు కాళ్లకు నీళ్ల గిన్నెలు. తీగల మీద బారుగా కూర్చుని ఒక్కో ఈగనూ గాల్లోనే పట్టేసే పసిరిక పిట్టకు మందు లేదు. అందంగా ఉంటుంది, చూసి ఊరుకోవడమే. అసలు శత్రువు మైనపు పురుగు. ఈగలు పలచబడ్డ పట్టులో గూళ్లు అల్లి మైనమంతా తినేస్తుంది. ఖాళీ పట్లు లోపల వదిలేయకూడదు.

పుట్ట ఈగకు ఒక పొగరుంది. మేత చాలకపోయినా, చీమలు వేధించినా, రోజూ మూత తీసి చూస్తున్నా, పిల్లల్ని, పట్టును వదిలేసి ఒక మధ్యాహ్నం మొత్తం లేచిపోతుంది. కొత్త పెంపకందారు దగ్గర అది ఎక్కువగా జరిగేది రెండు వారాలకొకసారి చూడాల్సిన పెట్టెను రోజుకు రెండుసార్లు చూడటం వల్లే.

ఇంకోటి, పెట్టెను ఇవాళ ఇక్కడ, రేపు పది గజాల అవతల పెట్టకండి. మేతకెళ్లిన ఈగ ఇంటిని గుర్తుపట్టేది ముఖ్యంగా చోటును బట్టి. జరపాలంటే రోజుకు అడుగు చొప్పున జరపాలి, లేదా రాత్రిపూట వాకిలి మూసి కిలోమీటర్ల దూరం పట్టుకుపోవాలి.

మసి పూసుకున్న నర్తకులు

బలిసిన గుంపులో సగం ముసలి రాణితో కలిసి బయటికొచ్చి కొమ్మకు గుత్తిగా వేలాడుతుంది. అప్పుడవి చాలా శాంతంగా ఉంటాయి, దారిబత్తెం తేనె కడుపులోనే ఉంటుంది గనక. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మ్యూనిక్‌లో మార్టిన్ లిండావర్ అలాంటి గుత్తి మీద నాట్యమాడుతున్న ఈగల్ని చూశాడు. వాటి ఒంటినిండా మసి, ఇటుక దుమ్ము! అవి పూల దగ్గర్నుంచి కాదు, బాంబులకు కూలిన ఇళ్ల పొగగొట్టాల్లో కొత్త ఇల్లు వెతికి వస్తున్నాయని అర్థమైంది. మేత ఎటుందో, ఎంత దూరమో ఈగ నాట్యంలో చెబుతుందని కనిపెట్టి 1973లో నోబెల్ అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్, లిండావర్‌కు గురువు.

ఇక తేనె

ఒక కూలి ఈగ బతుకంతా కష్టపడి కూడబెట్టేది టీ చెంచాలో పన్నెండో వంతు. గదులకు మైనపు మూత పడ్డాకే తేనె పక్వమైనట్టు. పట్టులో ముప్పాతిక భాగానికి మూత పడకముందే తీస్తే నీళ్ల శాతం ఎక్కువై పులుస్తుంది. మన ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో నీరు 20 శాతం మించకూడదు. పేరుకున్న తేనె కల్తీదని పారబోసేవాళ్లున్నారు. పొద్దుతిరుగుడు తేనె పేరుకోవడం దాని సహజగుణం. దూదివత్తి ముంచి వెలిగించడం, నీళ్లలో వేసి చూడటం లాంటి పరీక్షల్లో పంచదార పాకం కూడా పాసవుతుంది. ఏడాది నిండని పసిబిడ్డకు మాత్రం ఎంత స్వచ్ఛమైన తేనె అయినా నాకించకూడదు. బొటులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు అందులో ఉండొచ్చు, ఆ వయసు పేగులు వాటిని తట్టుకోలేవు.

మొదలుపెట్టడానికి వానలు వెనకబట్టి పూలు మొదలయ్యే రోజులు మంచివి. జిల్లా కృషి విజ్ఞాన కేంద్రాన్ని, ఖాదీ కమిషన్ వారిని అడిగితే శిక్షణ ఎప్పుడుందో చెబుతారు. ఈగలతో ఉన్న పెట్టె కొనేటప్పుడు నాలుగు చట్రాల నిండా ఈగలు, వాటిలో గుడ్లు, మూత పడ్డ పిల్లలు కనిపించాలి. చీకటి పడ్డాక వాకిలికి జాలీ కట్టి తెచ్చుకుని, అదే రాత్రి దాని చోటులో పెట్టి జాలీ తీసేయండి. తర్వాత వారం రోజులు మూత జోలికి పోవద్దు.